ఆలుగడ్డల వేళ

పుంతా అరేనాస్‌లో గాలి లేచిన రోజున
వీధి మూలల్లో తాళ్లు కడతారు, మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వచ్చింది ఎదువిహిస్,
చంకలో కంప్యూటరు, దుప్పట్లో చుట్టి,
జ్వరమొచ్చిన గొర్రెపిల్లని తెచ్చినట్టు.

"లేవడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటోంది" అంది.
"ఉన్ని తూకాలన్నీ ఇందులోనే ఉన్నాయి.
కత్తిరింపులు మొదలైతే
కాటా దగ్గర జనం నన్ను చూస్తూ నిలబడతారు,
నేను దీన్ని చూస్తూ కూర్చుంటాను."

తల ఊపాను, డాక్టరు ఊపినట్టు.
ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే పనిముట్లు తెప్పించాను,
అవి దిగడానికే మధ్యాహ్నం గడిచింది.
యంత్రాన్ని పడుకోబెట్టి లేపి, పడుకోబెట్టి లేపి
అది కళ్లు నులుముకునే ప్రతి క్షణాన్నీ
నమోదు చేయించాను.

రాత్రికి తెర నిండా రంగుల పట్టీలు.
ఎరుపు డిస్కు, నీలం ప్రాసెసరు, ఆకుపచ్చ ఏదో సర్వీసు.
లక్షల వరసలు, వరసకో పేరు,
పేరుకో సంఖ్య, ఆ సంఖ్యకి ఇంకో సంఖ్య.
గోటితో పోయేదానికి గొడ్డలి దేనికంటారే,
నా చేతిలో ఉన్నది గొడ్డలి కూడా కాదు,
గొడ్డళ్లు పోతపోసే కార్ఖానా.
తెల్లారేసరికి నాకు అన్నీ తెలుసు,
ఏమైందో తప్ప.

పొద్దున్నే వచ్చింది. ఒక చేతిలో మాతే గ్లాసు, ఇంకో చేతిలో నోటుపుస్తకం.
"అడుగుతావనుకున్నాను. అడగలేదు. అందుకే తెచ్చాను."

పెన్సిలు రాత, రెండు వారాలది:
ఒకటో నిమిషం, బొమ్మ వచ్చింది.
రెండు, చుక్కలు గిరగిరా.
మూడు నుంచి పది దాకా ఏమీ లేదు. ఆలుగడ్డలు చెక్కు తీశాను.
పదకొండు, లేచింది. ఆలుగడ్డలు పొయ్యెక్కాయి.
పేజీ అడుగున, సిరాతో:
రేవు దగ్గరి ఆఫీసు మూసేసిన వారం నుంచీ ఇంతే.

రేవు దగ్గరి ఆఫీసు.
నా రంగుల పటంలోకి తిరిగి వెళ్లాను.
అక్కడే ఉంది, రాత్రంతా నేను దాటుకుంటూ పోయిన
పొడవాటి బూడిదరంగు ఖాళీ.
పనే జరగని చోట తప్పేం జరుగుతుందని
నేను చూడకుండా వదిలేసిన ఖాళీ.
ఆఫీసులోని పెద్ద మెషీన్‌ని మార్చిలోనే అమ్మేశారు.
ఆ సంగతి దీనికి ఎవరూ చెప్పలేదు.
రోజూ లేస్తూనే వెళ్లి
లేని తలుపు తడుతోంది,
నిలబడుతోంది, మళ్లీ తడుతోంది,
ఎనిమిది నిమిషాలయ్యాక
ఎవరూ లేరని ఒప్పుకుని ఇంటికొస్తోంది.

ఆ డ్రైవు పేరు మీద నొక్కి, తీసేయమన్నాను.
రెండంటే రెండు నొక్కులు. నలభై సెకన్లలో లేచి కూర్చుంది.

సిగ్గేసింది. సిగ్గు కప్పుకోడానికి
ఉపన్యాసం అందుకున్నాను:
మామూలు మనుషులకి ఈ పనిముట్లు దేనికండీ,
దీపం వేసుకోవాలంటే కరెంటాఫీసులో ఉద్యోగం చెయ్యాలా,
మీ పుస్తకమూ పెన్సిలూ చాలు కదా...

ఆమె గ్లాసు కింద పెట్టింది.
"మామూలు మనుషులంటే ఎవరు?
గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగితే
మోచేతి దాకా చెయ్యి పెట్టి సరిచేస్తాను.
పశువుల డాక్టరు ఊరు దాటి రాలేని రాత్రులవి.
నాకేం అక్కర్లేదో
నువ్వు కౌంటరు అవతల నుంచి తేల్చకు.
ఆ రంగుల బొమ్మ ఇటు తిప్పు."

తిప్పాను.
కుర్చీ జరుపుకుని, కళ్లజోడు పైకి తోసి,
లక్షల వరసల వైపు కన్నెత్తయినా చూడకుండా
బూడిదరంగు మీద వేలు పెట్టింది.
"ఇదిగో, ఇక్కడే నేను చెక్కు తీసింది."

కాసేపు అలాగే చూసింది,
మేసుకొచ్చిన మందని లెక్కపెట్టినట్టు.
తర్వాత దుప్పటి మడిచి, డబ్బులు లెక్కగట్టి,
బయట తాడు అందుకోబోతూ వెనక్కి తిరిగింది:
"ఇకనుంచి ఆలుగడ్డలకి
వేరే వేళ చూసుకోవాలి."